పేర్లు విప్పేదాన్ని

ఏప్రిల్. ఒహాయో నది ఇంకా బురదరంగు వదల్లేదు.
హెరన్స్ జట్టు జెర్సీలు పదకొండు
ఇవాళ సంచీలో వచ్చాయి.
ఉతికినవే, అయినా చంకల్లో
ఫిబ్రవరి వాసన.
కాలేజీ వాళ్ళు నాకిచ్చే పని, వీపుమీది పేర్లు విప్పడం.
అంకెలు ఉంటాయి. మనుషులే పోతారు.

వంటగది బల్ల దగ్గర
మా ఆయన వర్లిన్, మా తమ్ముడు డ్యూయిట్
వచ్చే ఏటి జట్టు కడుతున్నారు.
ఉప్పు డబ్బా పాయింట్ గార్డ్. మిరియాల డబ్బా సెంటర్,
కాస్త పొట్టి, అయినా సరే.
కెచప్ సీసా కొత్త కోచ్.

"మూడేళ్ళివ్వాలి," అంటాడు వర్లిన్,
"ఇల్లు కట్టాలంటే ముందు పునాది పడాలి."
"పునాది తవ్వేలోపే
ఇటుకలు లేచి నడిచి వెళ్ళిపోతున్నాయి గదా బావా!"

"ఇరవై రెండు గెలిచాం."
"ఎవరిమీద? మన కాన్ఫరెన్స్‌లో!
చెట్టులేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం.
ఆ లింటన్ ఫాల్స్ వాళ్ళలో అందరికన్నా పొడుగు
వాళ్ళ కోచే."
వర్లిన్ మెడ ఎర్రబడుతుంది.
"జనవరిలో ఐదు గంటలు బస్సులో,
మంచులో, దిగాక హీటరు పాడైన జిమ్ము,
చూసేవాళ్ళు నాలుగొందలు, అందులో సగం బ్యాండు మేళం,
రిమ్ము ఓ పక్కకి వాలి ఉంటుంది.
పెద్ద కాన్ఫరెన్స్ దొరబాబుల్ని అక్కడ ఆడి చూడమను,
అప్పుడు మాట్లాడు బలం గురించి."

డ్యూయిట్ మిరియాల డబ్బా తిప్పుతూ, మెల్లిగా:
"టైర్ల ఫ్యాక్టరీ కొన్నాయన కూడా
మూడేళ్ళే అడిగాడు."
కాసేపు ఫ్రిజ్ మోత ఒక్కటే వినిపించింది.

నేను కత్తెర మొన దారం కిందికి దూరుస్తాను.
తొందరపడితే గుడ్డ చిరుగుతుంది.
అక్షరం ఊడొచ్చాక కింద దాని ఆకారం మిగుల్తుంది,
వెలుగు తగలని ముదురు నీలం.
ఇరవై నాలుగో నంబరు వీపున
ఆరుగురి సూది రంధ్రాలు, ఒకరి మీద ఒకరివి.
వేలితో తడిమితే తెలుస్తుంది.
ఈ ఇద్దరూ ఎప్పుడూ తడమలేదు,
వాళ్ళకు స్కోర్లు తెలుసు.

"ఏమైనా గానీ, ప్రూయిట్ ఉన్నాడు," అన్నాడు వర్లిన్.
"అవునవును, ప్రూయిట్ ఉన్నాడు," అన్నాడు డ్యూయిట్.
ఈ సాయంత్రం ఇద్దరూ ఒప్పుకున్న మాట ఇదొక్కటే.
చక్కెర గిన్నె తెచ్చి బల్ల నడిమధ్య పెట్టారు.

మకాయ్ ప్రూయిట్, ముప్పై ఒకటి, డెకేటర్ కుర్రాడు.
పోయినేడు వాళ్ళమ్మమ్మ పోయినప్పుడు
సూటు ప్యాంటు పట్టుకొచ్చాడు, పొడవు పెంచమని.
మడత మొత్తం విప్పేసినా
చీలమండ కనిపిస్తూనే ఉంది.
"ఫర్వాలేదమ్మా, ఆమెకి నా చీలమండలు తెలుసు," అన్నాడు,
గుమ్మంలో తల వంచి వెళ్తూ.

సంచీ అడుగున పదకొండోది అతనిదే.
ఆరక్షరాలు, రెండు వరసల కుట్టు, నేను కుట్టిందే.
పెద్ద కాన్ఫరెన్స్ పిలిచిందో
డబ్బు పిలిచిందో
ఇక్కడి చలే తరిమిందో నాకెవరు చెప్తారు?
రేపు పేపర్లో వస్తుంది.
కొత్త కోచ్‌కైనా తెలుసో లేదో.

ఒళ్ళో మడిచి పెట్టుకున్నాను, వీపు లోపలికి.
వర్లిన్ చక్కెర గిన్నె చుట్టూ
స్పూన్లు పేరుస్తున్నాడు,
ఇటు ఇద్దరు, అటు ఒకరు,
"ఇలా అయితే మార్చి దాకా ఆడతాం," అంటున్నాడు.
డ్యూయిట్ కూడా ముందుకు వంగాడు,
వాడి మొహంలో పదేళ్ళు తగ్గాయి.

నా కాఫీ చల్లారిపోతోంది.
చక్కెర వేసుకోలేదు ఇంకా.
చెయ్యి చాపితే అందుతుంది గిన్నె.

వద్దులే,
ఇవాళ్టికి చేదుగానే తాగుతాను.